పెద్దవాళ్ల నడక: ఎండ, వాన, వీధి – తరచుగా అడిగే ప్రశ్నలు

అరవై దాటినవాళ్లు నడక మానేస్తే ఇంట్లో అందరూ ముందు అనే మాట "బద్ధకం" అని. చాలాసార్లు అది నిజం కాదు. బయట ఉక్కపోతగా ఉండొచ్చు, కాల్వ మీద బండ కదులుతూ ఉండొచ్చు, మధ్యలో కూర్చోవడానికి చోటు లేకపోవచ్చు. ఓపిక ఉన్నా వేళ, దారి కుదరక ఇంట్లో ఉండిపోయేవాళ్లే ఎక్కువ. ఆ రెండింటినీ ఎలా సరిచేసుకోవాలో మన ఊళ్లు, మన కాలాల లెక్కన కింద రాశాం.

మా నాన్నగారు ఏప్రిల్‌లో నడక ఆపేస్తారు. వానలు పడ్డాకా మళ్లీ మొదలుపెట్టరు. ఎందుకిలా?

రెండు మూడు నెలలు ఆగితే తొడ కండరాలు తగ్గిపోతాయి, నిలకడ దెబ్బతింటుంది. జూలైలో బయటికొస్తే మార్చిలో తేలిగ్గా నడిచిన దూరానికే ఆయాసం వస్తుంది, మోకాళ్లు పట్టేస్తాయి. దానికి తోడు అప్పటికి రోడ్లు తడిగా ఉంటాయి కాబట్టి పడతామన్న భయం. ఈ రెండూ కలిసి నడకను పూర్తిగా మాన్పించేస్తాయి.

అందుకే ఎండాకాలంలో తగ్గించాలి గానీ ఆపకూడదు. మార్చిలో 40 నిమిషాలు నడిచేవారు మేలో ఉదయం 15, రాత్రి భోజనానికి ముందు ఇంట్లోనో వరండాలోనో 10 నిమిషాలు నడిచినా చాలు. కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేచి కూర్చోవడం 8 నుంచి 10 సార్లు, రోజుకు రెండు విడతలు చేస్తే తొడల్లో బలం నిలుస్తుంది. మళ్లీ బయటికి వెళ్లినప్పుడు పాత దూరంలో సగంతో మొదలుపెట్టి వారానికి ఐదు నిమిషాల చొప్పున పెంచండి.

ఎండాకాలంలో ఏ వేళ మంచిది?

ఉదయమే. మే నెలలో మన దగ్గర సూర్యోదయం సుమారు 5:30, 5:45 మధ్య. వెలుతురు రాగానే బయల్దేరి ఏడు లోపు ఇంటికి చేరాలి. చీకట్లో నాలుగున్నరకే వెళ్లేవాళ్లున్నారు. ఎండ తప్పుతుంది, కానీ గుంతలు కనబడవు, కుక్కలు గుంపుగా ఉంటాయి, ఖాళీ రోడ్డు మీద బండ్లు వేగంగా వస్తాయి. వెలుతురు వచ్చేదాకా ఆగడమే మేలు.

సాయంత్రం నడిచేవాళ్లు ఒక సంగతి గమనించాలి. మే నెల మధ్యాహ్నం తారు రోడ్డు ఉపరితలం 60 డిగ్రీలు దాటుతుంది. పొద్దు గుంకినా తారు, సిమెంటు, గోడలు ఆ వేడిని గంటల తరబడి వదులుతూనే ఉంటాయి. ఇళ్లు దగ్గర దగ్గరగా ఉన్న సందులో ఏడు గంటలకు కూడా సెగ తగ్గదు. అదే వేళకు చెరువు గట్టు, మట్టి బాట, చెట్లున్న మైదానం చల్లబడిపోతాయి. సాయంత్రం నడకకు అలాంటి చోటు లేకపోతే ఉదయానికి మారిపోండి.

ఎన్ని డిగ్రీలుంటే బయటికి వెళ్లకూడదు?

డిగ్రీ ఒక్కటే చూస్తే మోసపోతాం. వాతావరణ శాఖ మైదాన ప్రాంతాల్లో గరిష్ఠం 40, తీరంలో 37 డిగ్రీలు చేరి, మామూలుకన్నా కనీసం 4.5 డిగ్రీలు ఎక్కువైతే, లేదా గరిష్ఠం 45 డిగ్రీలు చేరితే వడగాడ్పుగా లెక్కిస్తుంది. ఆ హెచ్చరిక ఉన్న రోజున పగటి నడక వద్దే వద్దు. 2015 మే నెల వడగాడ్పుల్లో రెండు తెలుగు రాష్ట్రాల్లో కలిపి వెయ్యి మందికి పైగా చనిపోయారు.

తీరంలో అసలు శత్రువు తేమ. గాలిలో తేమ 70 శాతం ఉంటే 35 డిగ్రీల వేడి ఒంటికి దాదాపు 50 డిగ్రీల్లా తగులుతుంది, అదీ నీడలో. చెమట పడుతుంది గానీ ఆరదు. ఆరకపోతే ఒళ్లు చల్లబడదు. విశాఖ, కాకినాడ, మచిలీపట్నంలో మే ఉదయం ఆరింటికి 29 డిగ్రీలే చూపించినా తేమ 85 శాతం ఉంటే 36లా అనిపిస్తుంది. ఆదిలాబాద్, రామగుండం వైపు గాలి పొడిగా ఉంటుంది, చెమట వెంటనే ఆరిపోతుంది. దాంతో ఎంత నీరు పోయిందో తెలియదు. అక్కడ ఇబ్బంది ఆ రూపంలో వస్తుంది.

ఆచరణకు ఒక పద్ధతి: ఫోన్‌లో వాతావరణం చూసేటప్పుడు ఉష్ణోగ్రత కాకుండా "ఒంటికి అనిపించేది" (Feels like) అన్న అంకె చూడండి. అది 32 లోపుంటే మామూలు నడక. 32 నుంచి 38 దాకా అయితే సగం సేపు, నీడలో, మధ్యలో ఆగుతూ. 38 దాటితే ఇంట్లోనే. గుండె జబ్బు, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు ఒక మెట్టు కిందే ఆగాలి. రోహిణి ఎండలకు రోళ్లు పగులుతాయని ఊరికే అనలేదు పెద్దలు.

నీళ్లు ఎంత తాగాలి? మందులతో ఏమైనా జాగ్రత్త ఉందా?

వయసు పెరిగేకొద్దీ దాహం తెలియడం తగ్గుతుంది, చెమట తక్కువ పడుతుంది, చర్మానికి రక్తం పారే తీరూ మందగిస్తుంది. కాబట్టి దాహం వేసేదాకా ఆగకూడదు. బయల్దేరే ముందు ఒక గ్లాసు, వచ్చాక ఒక గ్లాసు, అరగంట దాటితే చేతిలో అర లీటరు సీసా. ఎక్కువ చెమట పట్టిన రోజు ఉప్పు వేసిన పలుచని మజ్జిగ మంచిది. ఓఆర్‌ఎస్ ప్యాకెట్ లేకపోతే లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు. టీ చెంచాతో, తలగొట్టి కొలవాలి. బీపీ, షుగర్ ఉన్నవాళ్లు వీటిని రోజువారీ పానీయం చేసుకోకూడదు. గుండె వైఫల్యం, కిడ్నీ జబ్బు ఉండి నీళ్లకు కొలత పెట్టినవాళ్లు డాక్టరు చెప్పిన కొలత దాటకూడదు.

మందుల విషయం చాలామంది పట్టించుకోరు. మూత్రం ఎక్కువ వచ్చేలా చేసే బీపీ మాత్రలు ఒంట్లో నీటిని, ఉప్పును తగ్గిస్తాయి. పొద్దున్నే వేసుకుని వెళ్తే దారి మధ్యలో మూత్రానికి ఇబ్బంది, కూర్చుని లేస్తే కళ్లు తిరగడం. నడిచొచ్చాక వేసుకోవచ్చా అని మీ డాక్టర్ని అడగండి, సొంతంగా మార్చకండి. గుండె వేగం తగ్గించే మాత్రలు వాడేవారికి నాడి ఎంత నడిచినా పెద్దగా పెరగదు, కాబట్టి వాచీలో అంకె చూసి శ్రమను కొలవడం కుదరదు. నడుస్తూ మాట్లాడగలగాలి, పాట పాడటానికి మాత్రం ఊపిరి చాలకూడదు. సరైన వేగం అదే.

ఇన్సులిన్ గానీ గ్లిమెపిరైడ్ లాంటి షుగర్ మాత్రలు గానీ వాడేవారు పరగడుపున ఎక్కువ దూరం నడవకూడదు. చెమటలు, వణుకు, తికమక వస్తే షుగర్ పడిపోయినట్టు, వెంటనే కూర్చుని మూడు చెంచాల చక్కెర నోట్లో వేసుకోవాలి. పావుగంట ఆగి తగ్గకపోతే ఇంకోసారి. జేబులో చక్కెర పొట్లం ఎప్పుడూ ఉండాలి. షుగర్ లేని బిస్కెట్లు దీనికి పనికిరావు.

వడదెబ్బ తగిలిందని ఎలా గుర్తించాలి?

తలనొప్పి, నీరసం, కండరాలు పట్టేయడం, వాంతి వచ్చేలా ఉండటం ముందు హెచ్చరికలు. నీడలో పడుకోబెట్టి, కాళ్లు కొంచెం ఎత్తులో ఉంచి, నీళ్లు తాగిస్తే సర్దుకోవాలి. మాట తడబడటం, పొంతన లేకుండా మాట్లాడటం, ఒళ్లు కాలిపోవడం, స్పృహ తప్పడం అయితే అది ప్రాణాపాయం. 108కి ఫోన్ చేయండి. అంబులెన్స్ వచ్చేదాకా ఊరుకోకుండా ఒంటి మీద నీళ్లు పోసి గట్టిగా విసరండి, మెడ, చంకలు, గజ్జల్లో తడిగుడ్డలు పెట్టండి. స్పృహ లేనివారి నోట్లో నీళ్లు పోయొద్దు. జ్వరం మాత్ర వడదెబ్బకు పనిచేయదు.

చలికాలం తెల్లవారుజామున నడవొచ్చా?

డిసెంబరు, జనవరిలో పొద్దెక్కాక నడవడం మేలు. ఒకటి, చలికి రక్తనాళాలు ముడుచుకుని బీపీ పెరుగుతుంది. రెండు, ఆ వేళకు నేల దగ్గర చల్లగాలి, పైన వెచ్చటి గాలి ఉండటంతో పొగ, దుమ్ము పైకి పోకుండా కిందే ఆగిపోతాయి. మనం "స్వచ్ఛమైన పొద్దుటి గాలి" అనుకునేది హైదరాబాద్ లాంటి నగరంలో ఆ నెలల్లో రోజంతటిలో చెడ్డ గాలి కావచ్చు. ఎండ కాస్త పడి నేల వేడెక్కాక, ఎనిమిది గంటల తర్వాత పరిస్థితి మెరుగవుతుంది. గాలి నాణ్యత సూచీ 100 లోపుంటే ఫరవాలేదు. 101 నుంచి 200 మధ్య ఉంటే ఆస్తమా, గుండె జబ్బు ఉన్నవాళ్లు తగ్గించుకోవాలి. 200 దాటితే అందరూ ఇంట్లోనే. పెద్ద రోడ్డు వదిలి రెండు వీధులు లోపలికి నడిచినా చాలా తేడా ఉంటుంది.

వానాకాలంలో?

నీళ్లు నిలిచిన చోట కాలు పెట్టకండి. దాని కింద మూత లేని మ్యాన్‌హోల్ ఉండొచ్చు. కరెంటు స్తంభం, దాన్ని పట్టి ఉంచే స్టే వైరు, ట్రాన్స్‌ఫార్మర్ కంచెను ముట్టుకోవద్దు. వాన తగ్గిన తర్వాతి వారం ఇంకా ప్రమాదం, నీడపట్టున ఉన్న బండల మీద నాచు పట్టేది అప్పుడే. హవాయి చెప్పులు అసలు వద్దు. మడమకు పట్టీ ఉండి, అడుగున గాడులు అరగనివి వేసుకోవాలి. చేతికర్ర కింద రబ్బరు బుడిపె అరిగి నున్నగా అయిందా చూడండి. మందుల షాపులో కొత్తది దొరుకుతుంది.

ఫుట్‌పాత్ ఉంది కదా, అయినా పెద్దవాళ్లు రోడ్డు మీదే ఎందుకు నడుస్తారు?

అది నడవడానికి పనికొచ్చేలా లేదు కాబట్టి. మన దేశంలో ఫుట్‌పాత్‌కు ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ (రోడ్లకు ప్రమాణాలు రాసే సంస్థ) ప్రమాణం ఉంది. నివాస ప్రాంతంలో అడ్డు లేని వెడల్పు కనీసం 1.8 మీటర్లు, అంటే ఆరడుగులు. దుకాణాలున్న చోట ఇంకా ఎక్కువ. తలపైన 2.2 మీటర్ల దాకా ఏదీ వేలాడకూడదు. రోడ్డు నుంచి ఎత్తు 15 సెంటీమీటర్లు మించకూడదు. దిగేచోట వాలు 12కి 1 ఉండాలి, అంటే 15 సెంటీమీటర్ల ఎత్తుకు 1.8 మీటర్ల పొడవు వాలు.

ఇక జరిగేది చూద్దాం. చాలా కాలనీల్లో ఫుట్‌పాత్ అంటే మురుగు కాల్వ మీద పరిచిన బండలే. పూడిక తీసినప్పుడు బండలు లేపుతారు, తిరిగి సరిగ్గా కూర్చోబెట్టరు. ఒకటి ఊగుతుంది, రెండింటి మధ్య సందులో కర్ర దిగబడుతుంది. పాత సిమెంటు రోడ్డు తవ్వకుండా మీదే కొత్త పొర వేస్తారు, ఇల్లు పల్లమైపోతుంది, ఇంటివాళ్లు కారు ఎక్కించడానికి గేటు ముందు ర్యాంపును పెంచుతారు. ఇరవై ఇళ్లుంటే ఇరవై ఏటవాలు గట్లు. పక్కకు వాలిన నేల మీద మోకాలి నొప్పి ఉన్నవాళ్లు నాలుగడుగులు వేయలేరు. ఆపైన ట్రాన్స్‌ఫార్మర్, పార్కు చేసిన బైకులు, ఫ్లెక్సీ ఫ్రేము. రోడ్డు మీదికి దిగక ఏం చేస్తారు?

అలా దిగడం ఎంత ప్రమాదమో అంకెలు చెబుతాయి. 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో చనిపోయిన 1,68,491 మందిలో 32,825 మంది పాదచారులు. రోడ్డు మీద నడవక తప్పనప్పుడు కుడివైపు, ఎదురొచ్చే బండ్లు కళ్లకు కనబడేలా నడవండి. లేత రంగు బట్టలు వేసుకోండి.

సిగ్నల్ దగ్గర దాటేలోపే ఎర్రలైటు పడిపోతోంది. ఏం చేయాలి?

ముందు మీ వేగం తెలుసుకోండి. హాల్లో నేల మీద 4 మీటర్ల దూరం సుద్దతో గుర్తు పెట్టండి. దానికి మీటరు ముందు నుంచే మామూలుగా నడవడం మొదలుపెట్టి, ఆ 4 మీటర్లకు ఎన్ని సెకన్లు పట్టిందో ఇంకొకరిని చూడమనండి. 5 సెకన్లయితే మీ వేగం సెకనుకు 0.8 మీటర్లు. పెద్దవాళ్లలో చాలామందిది ఇంచుమించు ఇదే. సిగ్నళ్ల సమయం లెక్కకు సాధారణంగా తీసుకునేది సెకనుకు 1.2 మీటర్లు.

నాలుగు లేన్ల రోడ్డు 14 మీటర్లు. 1.2 వేగంతో 12 సెకన్లలో దాటొచ్చు, 0.8తో 17 సెకన్లు దాటుతుంది. ఆరు లేన్లయితే 21 మీటర్లు, 26 సెకన్లు. తేడా అక్కడే వస్తోంది, మీ తప్పేం లేదు. అందువల్ల సగం అయిపోయిన పచ్చలైటుకు బయల్దేరకండి, కొత్తగా పడేదాకా ఆగండి. మధ్యలో డివైడర్ దగ్గర నిలబడే చోటుంటే రెండు విడతల్లో దాటండి. ఫ్రీ లెఫ్ట్ (సిగ్నల్‌తో పని లేకుండా బండ్లు ఎడమకు తిరిగే వీలు) ఉన్న మూల దగ్గర మనకు పచ్చలైటున్నా బండ్లు ఆగవు, అటు చూసే అడుగేయండి.

ఫుట్ ఓవర్ బ్రిడ్జి ఎక్కమని సలహా ఇస్తారు. బ్రిడ్జి కింద కనీసం 5.5 మీటర్లు ఖాళీ ఉండాలి, అంటే ఎక్కడానికే 36కు పైగా మెట్లు. లిఫ్టు పనిచేయకపోతే మోకాళ్ల నొప్పులున్నవారికి అది లేనట్టే. పెద్దవాళ్లు ఎక్కువగా దాటేచోట నేల మీద క్రాసింగే ఉండాలని మా గట్టి అభిప్రాయం. సింగపూర్‌లో 2009 నుంచి వృద్ధులు తమ కార్డును స్తంభం మీది పరికరానికి చూపిస్తే పచ్చలైటు మరికొన్ని సెకన్లు, రోడ్డు వెడల్పును బట్టి 3 నుంచి 13 దాకా, ఎక్కువసేపు ఉంటుంది. ఇది కష్టమైన సాంకేతికత కాదు.

బెంచీలు అంత ముఖ్యమా?

చాలా. మోకాళ్లు అరిగినవారు, కాళ్ల రక్తనాళాలు సన్నబడినవారు వంద, రెండొందల మీటర్లకు ఒకసారి కూర్చుంటే కిలోమీటరు నడవగలరు. కూర్చోవడానికి చోటు లేకపోతే ఆ మొదటి రెండొందల మీటర్లు కూడా నడవరు, తిరిగి రాలేమేమోనన్న భయంతో. పాదచారుల ప్రాంతాల్లో 50 మీటర్లకో సీటు ఉండాలని బ్రిటన్ మార్గదర్శకాలు చెబుతాయి. మన కాలనీలో 100 మీటర్లకొకటి ఉన్నా గొప్పే.

ఎత్తు 45 నుంచి 48 సెంటీమీటర్లు, వెనక ఆనుకోవడానికి వీపు, లేవడానికి చేతుల ఆసరా. దాతల పేర్లు చెక్కిన సిమెంటు బెంచీలు చాలాచోట్ల మరీ కిందికి ఉంటాయి, ఆసరా ఉండదు. కూర్చుంటే లేవలేరు. ఎండలో వేస్తే మే నెలలో కాలిపోతాయి. చెట్టు కింద వేయించండి. మూత్రశాల అందుబాటులో ఉందా అన్నది కూడా ఇంతే ముఖ్యం, ముఖ్యంగా ఆడవాళ్లకు. అడగడానికి మొహమాటపడి నడకే మానేస్తారు.

నీడ ఏ పక్క దొరుకుతుంది?

ఉత్తర దక్షిణాలుగా సాగే వీధిలో ఉదయం తూర్పు పక్క ఇళ్ల వెంబడి, సాయంత్రం పడమటి పక్క ఇళ్ల వెంబడి నీడ ఉంటుంది. తూర్పు పడమరలుగా ఉన్న వీధిలో ఉదయం, సాయంత్రం ఎండ వీధి పొడవునా పడుతుంది. మే నెలలో సూర్యుడు మన నెత్తి మీదికి వస్తాడు, మధ్యాహ్నం భవనాల నీడ ఎక్కడా మిగలదు. అప్పుడు చెట్టే దిక్కు. వేప, కానుగ, రావి దట్టమైన నీడనిస్తాయి. కానుగ పూలు రాలే రోజుల్లో నేల జారుతుంది, రోజూ ఊడ్పించాలి.

పార్కు దూరం. అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో, టెర్రస్ మీద నడవొచ్చా?

సెల్లార్‌లో ఉదయం ఏడు నుంచి పది దాకా వద్దు. బండ్ల పొగ బయటికి పోదు, వెనక్కి తీసే కారులోంచి మీరు కనబడరు. టెర్రస్ ఉదయం బాగుంటుంది, పైపులు తట్టుకోకుండా చూడాలి. సాయంత్రం అక్కడి నేల పొయ్యి మీది పెనమే.

మేం ఎక్కువగా చెప్పేది ఇది: కిలోమీటరు దూరం పోయి రావడం కన్నా, ఇంటి చుట్టూ 250, 300 మీటర్ల చుట్టు ఎంచుకుని నాలుగైదు సార్లు తిరగండి. ఓపిక అయిపోతే ఏ చుట్టులోనైనా ఇల్లు దగ్గరే. విశాఖ ఆర్కే బీచ్ రోడ్డులో ఉదయం బండ్లు ఆపేసినట్టు కాలనీ వీధికీ గంటసేపు కారు రాకపోకలు ఆపుకోగలిగితే ఇంకేం కావాలి.

వీధికుక్కల భయం?

కర్ర వెంట ఉంచుకోండి, కొట్టడానికి కాదు, మధ్యలో అడ్డంగా ఉంచడానికి. పరిగెత్తొద్దు, కళ్లలోకి చూడొద్దు, నెమ్మదిగా పక్కకు జరగండి. కరిస్తే సబ్బుతో పారే నీటి కింద 15 నిమిషాలు కడిగి అదే రోజు టీకాకు వెళ్లాలి. 2023 నాటి జంతు జనన నియంత్రణ నిబంధనల ప్రకారం కుక్కలకు తిండి పెట్టే చోటు పిల్లలు, వృద్ధులు ఎక్కువగా తిరగని వైపు ఉండాలి. సంక్షేమ సంఘం ఆ చోటును నిర్ణయించాలి.

గుడిలో ప్రదక్షిణలు నడక కిందికి వస్తాయా?

తప్పకుండా వస్తాయి. రాళ్లు వేడెక్కాక మాత్రం వద్దు. షుగర్‌తో పాదాల స్పర్శ తగ్గినవారికి కాలుతున్నట్టు తెలియదు, ఇంటికొచ్చాక బొబ్బలు కనబడతాయి. పొద్దున ఎనిమిది లోపు వెళ్లండి, పీచు పట్టాల మీదే నడవండి, వచ్చాక వేళ్ల సందులతో సహా పాదాలు చూసుకోండి.

రోజుకు పది వేల అడుగులు వేయాల్సిందేనా?

అక్కర్లేదు. ఆ అంకె 1960ల్లో జపాన్‌లో అమ్మిన అడుగుల మీటరు పేరు నుంచి వచ్చింది. అరవై దాటినవారికి 6,000 నుంచి 8,000 మధ్య ప్రయోజనం దాదాపు పూర్తిగా దక్కుతుందని 2022లో పలు అధ్యయనాలను కలిపి చూసిన పరిశోధన తేల్చింది. వారానికి 150 నిమిషాలు, దాంతో పాటు కనీసం మూడు రోజులు నిలకడ, కండరాల వ్యాయామం – ప్రపంచ ఆరోగ్య సంస్థ సలహా ఇది.

పిల్లల దగ్గరికి అమెరికా వెళ్తున్నాం. అక్కడ?

బండ్లు రోడ్డుకు కుడివైపు నడుస్తాయి. దాటేముందు ఎడమవైపు ముందు చూడాలి, ఫుట్‌పాత్ లేని చోట ఎడమ అంచున నడవాలి. అలవాటు ఎదురుతిరిగేది ఇక్కడే. డల్లాస్ ఎండ మన ఎండే, ఉదయమే నడవండి. న్యూజెర్సీ చలికాలంలో మంచు కరిగి రాత్రి మళ్లీ గడ్డకట్టిన నేల అద్దంలా కనబడకుండా జారుతుంది, అలాంటి రోజుల్లో మాల్ లోపల తిరగండి. ఒకేలా ఉండే ఇళ్ల మధ్య దారి తప్పడం మామూలే, ఇంటి చిరునామా రాసిన కాగితం జేబులో ఉంచుకోండి.

మా వీధిని బాగుచేయించాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

"రోడ్లు బాగోలేవు" అని రాస్తే ఎవరూ కదలరు. పెద్దవాళ్లు ఎక్కువగా వెళ్లే ఒక్క దారి తీసుకోండి, ఇంటి నుంచి పార్కుకో గుడికో ఆసుపత్రికో, 500 మీటర్లు మించకుండా.

1. కర్రతో నడిచే ఒక పెద్దాయన్నో పెద్దమ్మనో వెంట తీసుకెళ్లండి. వాళ్లు ఆగిన ప్రతిచోటా ఎందుకు ఆగారో రాయండి.
2. టేపుతో వెడల్పు, ఎత్తు కొలవండి. 1.8 మీటర్లు, 15 సెంటీమీటర్ల ప్రమాణం పక్కన మీ కొలత రాయండి.
3. ప్రతి లోపానికి ఒక ఫొటో, దగ్గర్లోని ఇంటి నంబరు లేదా స్తంభం నంబరు.
4. ఖర్చు లేనివి (బండ సర్దడం, బైకులు తీయడం, కొమ్మలు కొట్టడం) ఒక పేజీలో, డబ్బు కావలసినవి ఇంకో పేజీలో.

మొదటి పేజీని ఆంధ్రప్రదేశ్‌లో వార్డు సచివాలయంలో, తెలంగాణలో మున్సిపల్ వార్డు కార్యాలయంలో ఇవ్వండి. కదలిక లేకపోతే సోమవారం జరిగే ప్రజావాణి లేదా ప్రజా సమస్యల పరిష్కార వేదికకు రెండు పేజీలూ తీసుకెళ్లి రసీదు తీసుకోండి. అడ్డు లేని ఫుట్‌పాత్ మీద నడవడం రాజ్యాంగం 21వ అధికరణం కిందికి వచ్చే హక్కని సుప్రీంకోర్టు 2025 మేలో చెప్పింది, అర్జీలో ఆ మాట రాయండి. కరెంటు స్తంభం, ట్రాన్స్‌ఫార్మర్ విద్యుత్ సంస్థవి కాబట్టి వాటికి వేరే అర్జీ పెట్టాలి. కలిపి రాస్తే ఒకరు ఇంకొకరి మీదికి నెడతారు. పని జరిగిన రోజే మళ్లీ అదే పెద్దాయనతో నడిచి చూడండి, కాంట్రాక్టరు మనుషులు వెళ్లిపోకముందే. ఊగే బండను అప్పుడు సరిచేయించడం పది నిమిషాల పని.